యూపీవీసీ తలుపు లాక్ పోతే ఏది మార్చాలి: గేర్‌బాక్సా, మొత్తం పట్టీనా, తలుపేనా? ముందు కొలతలు తీసుకోండి

పోయిన కార్తీకంలో అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది, మేముండేది ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్‌లో. సాయంత్రం గడప దగ్గర దీపం పెట్టి లోపలికొచ్చి తలుపేసి, నేను నేర్పినట్టే హ్యాండిల్ పైకెత్తింది, లోపల్నించి కటక్‌మని చప్పుడు, అంతే, హ్యాండిల్ పట్టు లేకుండా వేలాడిపోయింది. "నేనేం గట్టిగా లాగలేదురా" అని ఒకటే కంగారు. అమ్మ తప్పేం లేదు, పదిహేడేళ్ళ నాటి లాక్ అది, రోజుకి పదిసార్లు ఎత్తుతాం దించుతాం, లోపలున్న చిన్న ముక్క అరిగి అరిగి ఆ రోజు విరిగింది. కొక్కేలు బయటికి రాకముందే విరగడం మా అదృష్టం, లేకపోతే తలుపు మూసుకుపోయి తెరుచుకునేదే కాదు.

మర్నాడొచ్చిన లాక్‌స్మిత్ తలుపు తీసి చూసి పది నిమిషాల్లో తేల్చేశాడు, ఈ లాక్ ఇప్పుడు తయారవట్లేదు, కొత్త డోర్ పెట్టించుకోవడమే అని. వచ్చినందుకు 90 పౌండ్లు తీసుకుని వెళ్ళాడు. ఆ వారాంతం నేనే స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుని లాక్ బయటికి తీసి చూస్తే పోయింది మధ్యలో ఉన్న డబ్బా ఒక్కటే, అది 48 పౌండ్లకి దొరికింది. ఇక్కడ మనవాళ్ళు చాలామంది ఇళ్ళు కొనుక్కున్నారు, చాలావాటికి ఇవే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) తలుపులు, లాక్ పోయిన రోజు ఏం అడగాలో తెలియక ఎవరేం చెప్తే అదే నమ్మాల్సొస్తోంది, అందుకే ఇదంతా రాస్తున్నా.

ఇలా ఒకేసారి చాలాచోట్ల పట్టే లాక్‌ని మల్టీపాయింట్ లాక్ అంటారు. ముందు దాని లోపల ఏముందో చెప్తా, అప్పుడు మిగతాది తేలిగ్గా ఎక్కుతుంది. తలుపు తెరిచి దాని అంచు చూడండి, పైనుంచి కింద దాకా పొడుగ్గా ఒక ఇనప పట్టీ ఉంటుంది, దాన్ని ఫేస్‌ప్లేట్ అంటారు. హ్యాండిల్ ఉన్నచోట పట్టీ వెనకాల తలుపు లోపలికి దిగి ఒక డబ్బా ఉంటుంది, అదే గేర్‌బాక్స్. హ్యాండిల్ ఎత్తగానే ఆ డబ్బా పట్టీలో ఉన్న కడ్డీలని కదుపుతుంది, దాంతో పైనా కిందా ఉన్న కొక్కేలు, గొళ్ళేలు, రోలర్లు వెళ్ళి ఫ్రేముకి బిగించిన పళ్ళేల్లో కూర్చుంటాయి, ఆ పళ్ళేలని ఇక్కడ కీప్స్ అంటారు. తర్వాత తాళంచెవి తిప్పితే అంతా బిగుసుకుంటుంది. తాళంచెవి దూరే ఇత్తడి ముక్క వేరే వస్తువు, దాని పేరు యూరో సిలిండర్. అంటే పట్టీ, గేర్‌బాక్స్, సిలిండర్, హ్యాండిల్, కీప్స్, ఇవన్నీ వేటికవే విడివిడిగా పోతాయి, విడివిడిగా దొరుకుతాయి. చాలామంది "లాక్ పోయింది" అని ఒక్కమాటలో చెప్పి డబ్బులు పోగొట్టుకునేది ఇక్కడే.

ఏది పోయిందో తెలుసుకోడానికి ఒక పరీక్ష ఉంది, దీనికి రూపాయి ఖర్చు లేదు. తలుపు బార్లా తెరిచి పెట్టి హ్యాండిల్ ఎత్తండి, తాళం తిప్పండి, మళ్ళీ వెనక్కి తిప్పి దించండి. తెరిచినప్పుడు వెన్నలా కదిలి, మూసినప్పుడు మాత్రం గింజుకోవాల్సొస్తే మీ లాక్ బంగారంలా ఉంది, తలుపే జారింది. ఎండాకాలంలో ముదురు రంగు తలుపులు ఎండకి సాగి ఇలాగే పట్టేస్తాయి, సాయంత్రానికి సర్దుకుంటాయి. దీనికి లాక్ కొనకండి, బందులు సర్దుకోండి. ఇక్కడి బందులకి చాలావాటికి ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, అది లాగేస్తే లోపల ఆలెన్ కీ పెట్టే రంధ్రాలు కనిపిస్తాయి, ఒక్కసారి పావు తిప్పు మాత్రమే తిప్పి తలుపు వేసి చూడండి, మళ్ళీ పావు. ఎడాపెడా తిప్పేస్తే మొదట ఎక్కడుందో కూడా మర్చిపోతారు.

తలుపు తెరిచి ఉన్నా హ్యాండిల్ గట్టిగా ఉంటే, లేదా ఎత్తితే ఏమీ కదలకపోతే, లేదా హ్యాండిల్ కిందికి నొక్కినా మధ్యలో ఉన్న లాచ్ (తలుపేయగానే దానంతటదే పట్టుకునే నాలుక) లోపలికి వెళ్ళకపోతే, అది గేర్‌బాక్స్. హ్యాండిల్ వేలాడిపోయి ఉన్నా చేత్తో ఎత్తితే కొక్కేలు మామూలుగా వస్తున్నాయంటే హ్యాండిల్ లోపలి స్ప్రింగ్ అయ్యుండొచ్చు, అప్పుడు హ్యాండిల్ జత ఒక్కటి మారిస్తే చాలు. తాళంచెవి మాత్రమే తిరగట్లేదంటే సిలిండర్ బయటికి తీసి చేతిలో పెట్టుకుని తాళంచెవి తిప్పి చూడండి, అక్కడా పట్టేస్తే పోయింది సిలిండరే.

ఇప్పుడు కొలతలు. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి, తప్పు లాక్ తెప్పించుకుని వెనక్కి పంపే బాధంతా ఇక్కడి పొరపాట్ల వల్లే.

మొదటిది బ్యాక్‌సెట్. ఇనప పట్టీ ముఖం నుంచి హ్యాండిల్ చువ్వ (స్పిండిల్) దూరే చదరపు రంధ్రం మధ్యకి ఎంత దూరమో అది. యూపీవీసీ తలుపుల్లో 35 ఎంఎం బాగా ఎక్కువ, కాంపోజిట్ తలుపుల్లో (రకరకాల పదార్థాలు పొరలుగా కలిపి చేసినవి) 45 కూడా బాగా కనిపిస్తుంది, 28 కూడా ఉంటుంది. పట్టీ ముఖం నుంచి కొలవాలి అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే ఈ తలుపులకి చుట్టూ ఒక పెదవి లాంటి అంచు పొడుచుకొచ్చి ఉంటుంది, చాలామంది టేపు ఆ పెదవికి ఆనించి కొలుస్తారు, అప్పుడు ఒకటిన్నర రెండు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చి అసలు లేని సైజు కోసం వెతుకుతూ కూర్చుంటారు.

రెండోది పీజెడ్ అంటారు, సెంటర్స్ అని కూడా అంటారు. హ్యాండిల్ చువ్వ మధ్య నుంచి సిలిండర్ గుండ్రటి భాగం మధ్యకి. మొత్తం సిలిండర్ మధ్యకి కాదు, కింద తోకలా ఉన్న భాగం వదిలేసి పైన గుండ్రంగా తాళంచెవి తిరిగే చోటు, దాని మధ్యకి. 92 ఎంఎం అత్యంత సాధారణం, పాత తలుపుల్లో 68, 70, 85 కూడా తగులుతాయి. 92 బదులు మీకు 100 వచ్చిందంటే తోకతో కలిపి కొలిచారన్నమాట, మళ్ళీ కొలవండి. 92/62 అని రెండు అంకెలు రాసున్న లాక్‌లు కొన్ని ఉంటాయి, వాటికి రెండు చువ్వలు, లోపలి హ్యాండిల్ ఒక ఎత్తులో బయటిది ఇంకో ఎత్తులో ఉంటుంది, మీ తలుపుకి అలా ఉంటే అదే రకం తీసుకోవాలి.

మూడోది పట్టీ వెడల్పు, 16 లేదా 20 ఎంఎం ఎక్కువగా ఉంటుంది, 24 కూడా ఉంది. దానితోపాటు పట్టీ చదునుగా ఉందా, అంచులు మడిచి యు ఆకారంలో ఉందా, కొసలు చదరంగా ఉన్నాయా గుండ్రంగా ఉన్నాయా, ఇవి ఫోటో తీసుకుంటే సరిపోతుంది. పట్టీ మొత్తం పొడవు కూడా రాసుకోండి కానీ దాని గురించి అంత బెంగ అక్కర్లేదు, చివరి కొక్కెం దాటాక మిగిలిన పట్టీని చాలావాటిలో రంపంతో కోసుకోవచ్చు.

నాలుగోది మొత్తం పట్టీ మార్చేవాళ్ళకి అన్నిటికంటే ముఖ్యం, లాకింగ్ పాయింట్ల దూరాలు. హ్యాండిల్ చువ్వ మధ్యని సున్నా అనుకోండి, అక్కణ్ణించి పైకి ప్రతి కొక్కెం మధ్యకి, ప్రతి రోలర్ మధ్యకి, తర్వాత కిందికి అలాగే. పక్కపక్క వస్తువుల మధ్య దూరం కొలిచి కూడుకుంటూ పోవద్దు, ప్రతిసారీ ఒకట్రెండు ఎంఎం తప్పు చేరి చివరికి అరసెంటీమీటరు తేడా వస్తుంది. ఇంకో చిట్కా, టేపు కొసనున్న కొక్కెం కాస్త కదులుతుంటుంది, దాన్ని నమ్మకుండా టేపు మీద 10 సెంటీమీటర్ల గీత దగ్గర మొదలుపెట్టి కొలిచి తర్వాత 100 ఎంఎం తీసేయండి. నేను ఒక పాత కవరు వెనకాల తలుపు బొమ్మ గీసి, పక్కన 35, 92, 20 అని పైన రాసి, పైకి కిందికి దూరాలు బాణాలు వేసి రాసుకున్నా. షాపుకి ఫోన్ చేసినప్పుడు అవతలాయన ఏ ప్రశ్న అడిగినా ఆ కవరు చూసి జవాబు చెప్పగలిగా, అప్పటిదాకా "మోడల్ ఏంటి" అంటే నోరు పెగలని వాణ్ణి. కొక్కేలు పైకి తిరుగుతాయా కిందికి తిరుగుతాయా అన్నది కూడా రాసుకోండి, కొన్నిట్లో పైది పైకి కిందది కిందికి తిరుగుతుంది, ఫ్రేములో కీప్ తదనుగుణంగా ఉంటుంది.

ఇవన్నీ కాక పట్టీ మీద లాచ్ దగ్గరో అడుగునో చెక్కిన పేరు, అంకెలు వెతకండి. యేల్, ఎరా, జీయూ, విన్‌ఖాస్, ఫుల్లెక్స్, మాకో, రోటో, ఫుర్, మిలా, లాక్‌మాస్టర్, ఇలా ఏదో ఒకటి ఉంటుంది. మసి పట్టి కనిపించకపోతే తడిగుడ్డతో తుడిచి ఫోన్ టార్చ్ పక్కనుంచి వేసి చూడండి, ఎదురుగా వేస్తే మెరుపుకి చదవలేరు. కొన్నిసార్లు పేరు గేర్‌బాక్స్ డబ్బా మీదే ఉంటుంది, లాక్ బయటికి తీస్తేగానీ కనపడదు. తీయడం ఏం బ్రహ్మవిద్య కాదు, తాళం ఎత్తుకి సరిగ్గా పట్టీ మీద ఒక పొడుగు స్క్రూ ఉంటుంది అది విప్పి, తాళంచెవి పెట్టి కాస్త పక్కకి తిప్పుతూ సిలిండర్ని మెల్లగా లాగితే వచ్చేస్తుంది, తర్వాత హ్యాండిల్ స్క్రూలు, తర్వాత పట్టీ స్క్రూలు. విప్పే ముందు ఫోటోలు తీయండి, విప్పిన స్క్రూలు ఏ చోటివి ఆ వరసలో కాగితం మీద పెట్టుకోండి.

సరే, చేతిలో కొలతలున్నాయి. ఇప్పుడు ఏది కొనాలి?

గేర్‌బాక్స్ ఒక్కటే పోతే, అది పట్టీకి స్క్రూలతో బిగించి ఉంటే, నా మాటగా గేర్‌బాక్స్ ఒక్కటే మార్చండి. నేను చూసినంతలో 30 నుంచి 70 పౌండ్ల మధ్య దొరుకుతాయి, కొక్కేలు పాతవే కాబట్టి ఫ్రేము ముట్టుకోనక్కర్లేదు, అన్నీ ఎక్కడివక్కడే కూర్చుంటాయి, అరగంట గంట పని. కానీ అన్నీ అలా ఉండవు, కొన్నిట్లో డబ్బాని పట్టీకి రివెట్లు కొట్టేసి ఉంటారు, అవి విడదీసే ప్రయత్నం చేయొద్దు. ఇంకోటి, పట్టీ వంగినా, రోలర్లు ఊడినా, కొక్కేలు అరిగి సన్నబడినా కొత్త గేర్‌బాక్స్ పెట్టడం దండగ, ఆరు నెలల్లో మళ్ళీ మొదటికొస్తుంది.

మొత్తం పట్టీ మార్చాల్సొస్తే మొదటి ఎంపిక అదే కంపెనీ అదే మోడల్, ఇందులో ఆలోచించేదేం లేదు. ఖరీదు ఎక్కువైనా సరే, ఫ్రేము వైపు కీప్స్ కదపక్కర్లేదు అన్న ఒక్క సుఖం కోసం 20 పౌండ్లు ఎక్కువ పెట్టొచ్చు. అదే మోడల్ ఆగిపోయిందని ఎవరన్నా అంటే వెంటనే తలుపు మార్చేయకండి, పాతదానికి బదులుగా అదే కంపెనీ కొత్త పేరుతో తెచ్చింది ఉందేమో లాక్‌లు మాత్రమే అమ్మే షాపుల్లో కవరు మీది కొలతలు చదివి అడగండి. పెద్ద హార్డ్‌వేర్ షాపుల్లో రెండు మూడు రకాలే ఉంటాయి, లాక్‌ల షాపుల్లో వందల రకాలు ఉంటాయి.

అది కుదరకపోతే వేరే కంపెనీ పట్టీ. బ్యాక్‌సెట్, పీజెడ్ తప్పనిసరిగా కలవాలి, ఈ రెండూ కలవకపోతే మీ హ్యాండిల్, తలుపుకున్న రంధ్రాలు ఏవీ పనికిరావు. కొక్కేల దూరాలు తేడా ఉన్నా పర్లేదు కానీ అప్పుడు కీప్స్ కొత్తవి కొని, పాతవి తీసి, ఫ్రేములో కొత్తచోట బిగించాలి, స్క్రూలు ప్లాస్టిక్‌లోనే ఆగిపోకుండా ఫ్రేము లోపలి ఇనుముకి పట్టాలి. ఓపికున్నవాళ్ళకి ఒక రోజు పని. కీప్స్ లాక్‌తో కలిపి ఇస్తారా విడిగా కొనాలా అన్నది డబ్బు కట్టేముందే అడగండి, దాదాపు అందరూ మర్చిపోయేది ఇదే.

చివరి ఆప్షన్ యూనివర్సల్ రకం, యేల్ డోర్‌మాస్టర్ లాంటివి. పాత లాక్ ఏదో తెలియకపోయినా, తయారీ ఆగిపోయినా, పైనా కిందా పాయింట్ల దూరం సర్దుకునేలా వీటిని చేశారు. అత్తెసరు పనిలా అనిపిస్తుందిగానీ కాదు, పాత ఇంటికి పెద్ద రక్ష ఇది, కొత్త తలుపుకి వందల పౌండ్లు పెట్టే బదులు ఇదొక్కటి ప్రయత్నించి తీరాలి. బ్యాక్‌సెట్, పీజెడ్ మాత్రం దీనికీ కలవాలి, కీప్స్ మార్చాల్సిన పనీ ఉంటుంది.

తలుపే మార్చడం అంటే తలుపు పగిలినా, బందుల దగ్గర ప్లాస్టిక్ చీలినా, ఎంత సర్దినా ఫ్రేములో కూర్చోకపోయినా. లాక్ కోసం తలుపు మార్చకండి. మారిస్తే ఇంగ్లండ్‌లో ఫెన్సా (తలుపులు, కిటికీలు నిబంధనల ప్రకారం పెట్టారని ధ్రువీకరించే సంస్థ) లాంటి వాటి సర్టిఫికెట్ అడిగి తీసుకుని దాచుకోండి, ఇల్లు అమ్మేటప్పుడు లాయర్లు అడుగుతారు.

కొత్త పట్టీలో ఏం ఉండాలి అంటే, రోలర్ల సంఖ్య చూసి మురిసిపోకండి. రోలర్లు తలుపుని రబ్బరుకి ఒత్తి పట్టి గాలి, వాన రాకుండా చూస్తాయి, దొంగ గునపం పెట్టి ఎత్తితే ఆగేది కొక్కేలే, అవి కీప్‌లో దూరి పట్టుకుంటాయి. రెండు కొక్కేలు, మధ్యలో ఒక డెడ్‌బోల్ట్ (తాళం తిప్పితే బయటికొచ్చే గట్టి గొళ్ళెం) ఉండాల్సిందే, ఆపైన రోలర్లు ఎన్నున్నా మంచిదే. మనవాళ్ళ ఇళ్ళల్లో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకి బాగా తెలుసు, దీపావళి ముందర పోలీసులు ప్రత్యేకంగా హెచ్చరిస్తుంటారు కూడా, అందుకే ఈ విషయంలో పది పౌండ్లకి చూసుకోవద్దు.

ఇంకో ఎంపిక ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళు తప్పక ఆలోచించాల్సింది. మామూలు లాక్‌లో తాళం వేయకపోతే బయటి హ్యాండిల్ నొక్కినా తలుపు తెరుచుకుంటుంది. స్ప్లిట్ స్పిండిల్ రకంలో తలుపు మూసుకుందంటే బయటి హ్యాండిల్ పనిచేయదు, తాళంచెవి ఉండాల్సిందే. తాళం వేయడం మర్చిపోయే ఇంటికి స్ప్లిట్ మంచిది. మా అమ్మలా చెత్తడబ్బా బయటపెట్టడానికి చెప్పుల్లేకుండా, తాళంచెవి లేకుండా వెళ్ళేవాళ్ళుంటే జనవరి చలిలో బయట చిక్కుకుపోతారు, అలాంటి ఇంటికి మామూలుదే మేలు, నేను అదే ఉంచుకున్నా.

సిలిండర్ సంగతి. తలుపు తెరిచి పట్టీ మీది స్క్రూ మధ్య నుంచి బయటివైపు కొసకి ఎంత, లోపలివైపు కొసకి ఎంత అని విడివిడిగా కొలవాలి. నేను మొత్తం 80 అని కొలిచి 40/40 తెప్పించా, నాకు కావాల్సింది బయట 35 లోపల 45. పెట్టి చూస్తే బయట అయిదు ఎంఎం పొడుచుకొచ్చింది, దొంగకి పట్టు దొరికేది సరిగ్గా అక్కడే. స్క్రూ దూరే చోట సిలిండర్ సన్నగా ఉంటుంది, పొడుచుకొచ్చిన కొసని పట్టకారుతో పట్టి విరిస్తే అక్కడే తెగుతుంది. హ్యాండిల్ ప్లేటుకి సమంగా ఉండాలి, మహా అయితే 3 ఎంఎం దాటకూడదు. టీఎస్ 007 (సిలిండర్ల భద్రతా ప్రమాణం) అని, కైట్‌మార్క్ అనే నాణ్యత గుర్తుతో మూడు నక్షత్రాలున్న సిలిండర్ తీసుకోండి, లేదా ఒక నక్షత్రం సిలిండర్, రెండు నక్షత్రాల హ్యాండిల్ కలిపి పెట్టుకోండి, రెండూ ఒకటే లెక్క. తాళాలు పరీక్షించే సోల్డ్ సెక్యూర్ సంస్థ వాళ్ళ ఎస్ఎస్ 312 డైమండ్ గుర్తున్నదైనా మంచిదే. లోపలివైపు తాళంచెవి బదులు చేత్తో తిప్పే బిళ్ళ ఉన్నది పిల్లలు, పెద్దవాళ్ళున్న ఇంటికి చాలా మంచిది, నిప్పంటుకుంటే తాళంచెవి వెతుక్కోనక్కర్లేదు. పక్కనే అద్దం, ఉత్తరాల సందు ఉంటే మాత్రం అందులోంచి చెయ్యి దూరదా అని చూసుకోండి.

ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు ఆగండి, మీ ముందు తలుపు ఫైర్ డోర్ అయ్యుండొచ్చు, దానికి అగ్నికి తట్టుకునేలా పరీక్షించిన లాకే పెట్టాలి, బిల్డింగ్ వాళ్ళని అడక్కుండా ముట్టుకోకండి. అద్దె ఇంట్లో ఉంటే ఓనర్‌కో ఏజెంట్‌కో రాతపూర్వకంగా చెప్పండి, బాగుచేయించాల్సింది వాళ్ళు. తలుపు మూసిన స్థితిలో లాక్ పట్టేస్తే దాన్ని మీరు తీయబోకండి, తలుపు నాశనమవుతుంది, ఆ పనికి లాక్‌స్మిత్‌నే పిలవండి, ఈ దేశంలో లాక్‌స్మిత్‌లకి ప్రభుత్వ లైసెన్స్ అంటూ ఏం లేదు కాబట్టి మాస్టర్ లాక్‌స్మిత్స్ అసోసియేషన్ ఆమోదం ఉన్నాయన్ని చూసుకుని, వచ్చేముందే మొత్తం ఎంతవుతుందో ఫోన్‌లో అడిగి పిలవండి.

హైదరాబాద్‌లో ఫ్లాట్ల బాల్కనీ యూపీవీసీ తలుపులకీ ఇప్పుడు ఇలాంటి లాక్‌లే వస్తున్నాయి, సైజులు వేరే ఉండొచ్చుగానీ కొలిచే పద్ధతి ఇదే.

కొత్తది బిగించాక తలుపు మూయకండి. తెరిచే ఉంచి ఇరవైసార్లు ఎత్తి దించి, తాళం తిప్పి చూడండి, లోపల్నించి ఒకసారి, బయట్నించి ఒకసారి. అంతా మెత్తగా కదిలితేనే మూసి చూడండి, ఇంట్లో ఒకరు, బయట ఒకరు ఉంటే ఇంకా మంచిది. కొక్కేలకి, లాచ్‌కి ఏడాదికి రెండుసార్లు కాస్త గ్రీజు రాయండి, తాళంచెవి దూరే చోట మాత్రం నూనె పోయొద్దు, దుమ్ము పట్టి ముద్దకడుతుంది, గ్రాఫైట్ పొడో పీటీఎఫ్ఈ అనే పొడి స్ప్రేనో వాడండి. మీ ఇంటి ఇన్సూరెన్స్ కాగితంలో మల్టీపాయింట్ లాక్ అని రాసుంటే, రాత్రి హ్యాండిల్ ఎత్తి వదిలేస్తే చాలదు, తాళంచెవి కూడా తిప్పాలి.

అమ్మ వెళ్ళేదాకా రోజూ సాయంత్రం దీపం పెట్టి తలుపేసి, హ్యాండిల్ రెండు వేళ్ళతో ఎత్తి, టక్‌మన్నాక తాళం తిప్పి, మళ్ళీ ఒకసారి నొక్కి చూసి లోపలికొచ్చేది.